చవక స్టెప్పర్ డ్రైవర్ బోర్డులు: ఎంపికకు ప్రమాణమేది?

త్రీడీ ప్రింటర్, చిన్న సీఎన్‌సీ యంత్రం, బొమ్మలు గీసే ప్లాటర్, నక్షత్రాల వెంట మెల్లగా తిరిగే టెలిస్కోపు పీఠం వంటివాటిని ఇంట్లోనో కళాశాల ప్రయోగశాలలోనో తయారుచేసుకునేవారికి నేడు స్టెప్పర్ మోటారును నడిపే డ్రైవర్ బోర్డు ఒకటి రెండు వందల రూపాయలకే దొరుకుతున్నది. ఇలాంటి బోర్డుల్లో రకాలు అనేకం కాబట్టి ఏ పనికి ఏది తగినదన్న ప్రశ్న ప్రతి కొత్త ప్రయత్నంలోనూ తలెత్తుతుంది. అమ్మకపు వివరణలో పెద్ద అక్షరాలతో కనిపించే ఆంపియర్ల సంఖ్యను చూసి, ఎక్కువ ఉన్నదాన్ని ఎంచుకోవడమే దానికి సాధారణంగా దొరికే జవాబు. ఈ జవాబు చాలా సందర్భాల్లో తప్పుదారి పట్టిస్తుంది. బోర్డు ఎంత విద్యుత్ ప్రవాహాన్ని భరించగలదన్నది తరవాతి సంగతి. ఆ ప్రవాహాన్ని ఏ పద్ధతిలో అదుపు చేస్తుందన్నది ముందుగా తేల్చుకోవలసిన సంగతి. చవక బోర్డులను ఈ రెండో దృష్టితో వర్గీకరించి చూస్తే వాటి గుణదోషాలూ, అవి కాలిపోయే కారణాలూ, వాటి ధరల్లోని తేడాలూ చాలావరకు ఒకే సూత్రం కిందికి వస్తాయి.

స్టెప్పర్ మోటారు మామూలు మోటారులా ఎడతెగకుండా తిరగదు. దాని కాయిళ్లలోకి, అంటే లోపలి తీగచుట్టల్లోకి, ప్రవాహాన్ని ఒక క్రమంలో మార్చి పంపినప్పుడల్లా నిర్ణీతమైన కోణం మేరకు కదిలి ఆగుతుంది. ఎక్కువగా వాడుకలో ఉన్న హైబ్రిడ్ రకంలో అయస్కాంతం ఇమిడిన రోటారుకు, అంటే తిరిగే భాగానికి, 50 పళ్లుంటాయి. రెండు కాయిళ్లలో ప్రవాహ దిశలు మారుతుండగా నాలుగు అడుగుల్లో అది ఒక పన్ను మేరకు జరుగుతుంది కనుక పూర్తి చుట్టుకు 200 అడుగులు పడతాయి, అడుగుకు 1.8 డిగ్రీలు వస్తాయి. ఇలాంటి మోటారులకు తగిలించే నీమా 17 అన్న పేరు వాటి బలాన్ని తెలిపేది కాదు. ముందు పలక వెడల్పు 1.7 అంగుళాలని మాత్రమే చెబుతుంది. అదే పేరు మీద 30 ఓమ్‌ల నిరోధంతో 0.4 ఆంపియర్లు తీసుకునే మోటారూ, 1.5 ఓమ్‌ల నిరోధంతో 1.7 ఆంపియర్లు తీసుకునే మోటారూ పక్కపక్కనే అమ్ముడవుతాయి. బయటికి కవలల్లా కనిపించే ఈ రెండింటికీ ఒకే డ్రైవర్ పనికిరాదన్న విషయం ఆ పేరులో ఎక్కడా తెలియదు.

ఎందుకు పనికిరాదో తెలియాలంటే కాయిలు స్వభావాన్ని కొంత చూడాలి. ప్రతి కాయిలుకూ నిరోధంతోపాటు ఇండక్టెన్స్, అంటే ప్రవాహంలో వచ్చే మార్పును ఎదిరించే గుణం కూడా ఉంటుంది. త్రీడీ ప్రింటర్లలో విస్తారంగా కనిపించే 17హెచ్‌ఎస్4401 తరహా మోటారులో అది సుమారు 2.8 మిల్లీహెన్రీలు, నిరోధం 1.5 ఓమ్‌లు, అనుమతించిన ప్రవాహం 1.7 ఆంపియర్లు. ఓమ్ సూత్రం ప్రకారం ఆ ప్రవాహానికి 2.55 వోల్టులు చాలు. కానీ అంతే వోల్టేజీ ఇస్తే ప్రవాహం తన గరిష్ఠ స్థాయిని అందుకోవడానికి 9 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. మోటారు సెకనుకు ఐదు చుట్లు తిరగాలంటే సెకనుకు వెయ్యి అడుగులు వేయాలి, ఒక్కొక్క అడుగుకు దొరికేది ఒక మిల్లీసెకను; ఆ వ్యవధిలో ప్రవాహం సగానికి కూడా చేరదు, తిప్పుడు బలం పడిపోతుంది, మోటారు అడుగులు తప్పుతుంది. అదే కాయిలుకు 12 వోల్టులు ఇస్తే 1.7 ఆంపియర్లు చేరడానికి దాదాపు 0.45 మిల్లీసెకన్లు, 24 వోల్టులు ఇస్తే 0.21 మిల్లీసెకన్లు మాత్రమే పడుతుంది. అయితే ఆ 12 వోల్టులను అలాగే వదిలేస్తే ప్రవాహం 1.7 దగ్గర ఆగకుండా 8 ఆంపియర్ల వైపు పోయి మోటారునో డ్రైవరునో కాల్చివేస్తుంది. వేగం కావాలంటే హెచ్చు వోల్టేజీ ఇవ్వాలి, మోటారు బతకాలంటే ప్రవాహాన్ని ఆపాలి. డ్రైవర్ల చరిత్ర అంతా ఈ రెండు అవసరాలను రాజీపరిచే ప్రయత్నమే.

ఆ ప్రయత్నం ఏమీ చేయని బోర్డులది మొదటి వర్గం. యూఎల్‌ఎన్2003 చిప్పులో ఏడు డార్లింగ్టన్ జతలు, అంటే ఒకదాని ప్రవాహాన్ని మరొకటి పెంచేలా కలిపిన ట్రాన్సిస్టర్ల జతలు, ఉంటాయి. ఒక్కొక్కటి 500 మిల్లీఆంపియర్ల దాకా మోయగలదు. బొమ్మల ప్రాజెక్టుల్లో కనిపించే 28బీవైజే-48 అనే చిన్న అయిదు వోల్టుల మోటారుకు దీన్ని జతచేసి అమ్ముతారు. ఈ జోడీ నిర్దోషంగా పనిచేయడానికి కారణం చిప్పు గొప్పతనం కాదు. ఆ మోటారు కాయిలు నిరోధమే 50 ఓమ్‌ల వరకు ఉండడం వల్ల అయిదు వోల్టులకు ప్రవాహం 100 మిల్లీఆంపియర్లను దాటదు, ఆపేవాడు లేకపోయినా దానంతట అదే ఆగుతుంది. కిటికీ తెరలు, చేపలకు మేత వేసే పెట్టెలు, చిన్న గడియారాలు వంటి నిదానపు పనులకు దీనికి మించినది అక్కరలేదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: ఈ మోటారులోని గేర్ల నిష్పత్తిని 64 అని ముద్రిస్తారు కానీ చాలావాటిలో అసలు విలువ 63.68 దగ్గర ఉంటుంది, అంటే చుట్టుకు 2,048 అడుగులకు బదులు దాదాపు 2,038. నూటికి అర వంతు ఉన్న ఈ తేడా తెరను లాగేచోట పట్టదు గాని గడియారంలో రోజుకు ఏడు నిమిషాలకు పైగా తప్పు చూపిస్తుంది.

ఈ వర్గంలోనే ఎల్298ఎన్ కూడా చేరుతుంది. ఎర్ర బోర్డు మీద నల్లని పెద్ద హీట్ సింక్‌తో దర్శనమిచ్చే ఈ బోర్డు రోబో కిట్లతోపాటు వస్తున్నందువల్ల విద్యార్థుల చేతికి ముందుగా అందేది ఇదే. చిప్పులో రెండు హెచ్-బ్రిడ్జిలు, అంటే కాయిలులో ప్రవాహాన్ని రెండు దిశల్లోనూ పంపగల నాలుగేసి స్విచ్చుల అమరికలు, ఉంటాయి. వివరణలో 46 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉండడం చూసి నీమా 17 మోటారుకు ఇది చాలునన్న అభిప్రాయం కలగడం సహజం. కానీ ఇందులోని స్విచ్చులు పాత తరపు బైపోలార్ ట్రాన్సిస్టర్లు; ఒక ఆంపియర్ ప్రవాహంలోనే ఇవి 1.8 నుంచి 3.2 వోల్టులను, రెండు ఆంపియర్ల దగ్గర 4.9 వోల్టుల వరకు తమలోనే మింగి వేడిగా మారుస్తాయి. అంతకు మించిన లోపమేమిటంటే బోర్డు మీద ప్రవాహాన్ని కొలిచి ఆపే ఏర్పాటు లేదు. తయారీదారు ఈ చిప్పును నిజానికి ఎల్297 అనే సహచర నియంత్రక చిప్పుతో కలిపి వాడాలని రూపొందించాడు. ప్రవాహాన్ని కత్తిరించే పని ఆ సహచరుడిది. చవక బోర్డు తయారీలో సహచరుడు జారిపోయాడు, ప్రవాహాన్ని కొలవడానికి నిరోధకాలు పెట్టవలసిన పిన్‌లను చాలా బోర్డుల్లో నేరుగా గ్రౌండుకు కలిపేశారు. 30 ఓమ్‌ల మోటారుకు, డీసీ మోటారు బండ్లకు ఇది నేటికీ పనికొస్తుంది, 1.5 ఓమ్‌ల మోటారుకు దీన్ని సిఫారసు చేసే ప్రాజెక్టు నివేదికలు సరిచూడకుండా నకలు చేసినవే అనుకోవాలి. అంతకన్నా చిన్న ఎల్293డీ గురించి వేరే చెప్పవలసింది లేదు, దాని హద్దు 600 మిల్లీఆంపియర్లు.

రెండో వర్గం చాపర్ డ్రైవర్లది. చాపర్ అంటే కత్తిరించేది. కాయిలుకు హెచ్చు వోల్టేజీనే ఇచ్చి, ప్రవాహం అనుమతించిన స్థాయిని తాకగానే స్విచ్చును కాసేపు ఆపి, తగ్గగానే మళ్లీ వేసి, ఈ పనిని సెకనుకు వేల సార్లు చేస్తుంది. సూత్రం పాతదే అయినా, అమెరికాలోని అల్లెగ్రో కంపెనీ ఏ4988 వంటి చిప్పుల్లో దీనితోపాటు ట్రాన్స్‌లేటర్‌ను, అంటే అడుగుల క్రమాన్ని తనంతట తాను గుర్తుంచుకునే తర్కాన్ని, ఇమిడ్చింది. దాంతో మైక్రోకంట్రోలర్ నాలుగు స్విచ్చులను లెక్కపెట్టుకుంటూ నడపవలసిన అవసరం తీరింది. ఒక తీగ మీద అడుగుకొక పల్స్, ఇంకొక తీగ మీద దిశ పంపితే సరిపోతుంది. 2005లో బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ మొదలుపెట్టిన రెప్‌రాప్ త్రీడీ ప్రింటర్ ఉద్యమానికి ఇలాంటి చిప్పే కావలసి వచ్చింది. లాస్‌వేగాస్‌కు చెందిన పొలోలు సంస్థ దాన్ని పదహారు పిన్‌ల చిన్న పలక మీద కూర్చి అమ్మగా, ర్యాంప్స్ వంటి ప్రింటర్ బోర్డులు అదే కొలతకు సాకెట్లు పెట్టుకున్నాయి. ఆ తరవాత వచ్చిన చిప్పులన్నీ అదే పలక మీదకు ఎక్కవలసి వచ్చింది. చవక బోర్డుల మధ్య పోటీ సాధ్యమైనది ఈ అనుకోని ప్రమాణీకరణ వల్లనే. ఏ ప్రమాణాల సంస్థా దీన్ని ఆమోదించలేదు.

ఏ4988 చిప్పు 8 నుంచి 35 వోల్టుల వరకు, 2 ఆంపియర్ల వరకు పనిచేస్తుందని తయారీదారు పత్రం చెబుతుంది. ఆ రెండు ఆంపియర్లు చిప్పుకు చెందినవే గాని గోరంత పలకకు చెందినవి కావు. హీట్ సింక్ లేకుండా పలక నిలకడగా ఇవ్వగలిగేది కాయిలుకు ఒక ఆంపియర్ చుట్టుపక్కలే. అసలు చిక్కు ఆ ప్రవాహాన్ని నిర్ణయించేచోట ఉంది. పలక మీద చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పే పొటెన్షియోమీటర్ ఒక సూచక వోల్టేజీని మారుస్తుంది. ఆ వోల్టేజీని, ప్రవాహాన్ని కొలిచే నిరోధకం విలువకు ఎనిమిది రెట్ల సంఖ్యతో భాగిస్తే ప్రవాహ పరిమితి వస్తుంది. పొలోలు పలకల్లో ఆ నిరోధకం తొలుత 0.05 ఓమ్, 2017 నుంచి 0.068 ఓమ్; చౌక నకళ్లలో ఎక్కువగా 0.1 ఓమ్. కాబట్టి ఒక ఆంపియర్ కోసం ఒక పలక మీద 0.4 వోల్టు, ఇంకొక దాని మీద 0.54, మరొక దాని మీద 0.8 పెట్టాలి. నకలు పలకకు రాసిన సూచనను చూసి అసలు పాత పలక మీద 0.8 పెట్టినవారు తమకు తెలియకుండానే రెండు ఆంపియర్లు పంపుతారు. తిరగేసి చేసినవారు సగం ప్రవాహంతో మోటారును నడిపి, బలం చాలలేదని మోటారును నిందిస్తారు. నిరోధకం మీద ఆర్050, ఆర్068, ఆర్100 అని భూతద్దంతో కనిపించే అక్షరాలు ముద్రించి ఉంటాయి; హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి బజార్లలో విడి పలక కొనేటప్పుడు చూడవలసింది హీట్ సింక్ రంగును కాదు, ఈ అక్షరాలను. పూర్తి అడుగుల విధానంలో ఏ4988 ప్రతి కాయిలుకూ పరిమితిలో 70 శాతమే ఇస్తుందన్న సంగతి తెలియక, మల్టీమీటర్‌ను కాయిలుకు వరుసలో పెట్టి కొలిచి కంగారుపడేవారూ ఉన్నారు.

టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి డీఆర్‌వీ8825 ఇదే సాకెట్టులోకి వచ్చిన పోటీదారు. 45 వోల్టుల వరకు ఓర్చుకోవడం, చల్లబరిచే ఏర్పాటు లేకుండానే ఒకటిన్నర ఆంపియర్ వరకు ఇవ్వడం, అడుగును 32 భాగాలు చేయడం దీని బలాలు. పలక మీద పొటెన్షియోమీటర్ ఏ4988తో పోలిస్తే ఎదుటి కొసన ఉంటుంది. దాన్ని గుర్తుగా పెట్టుకుని పలకను సాకెట్టులో తిరగేసి గుచ్చినవారి చిప్పు విద్యుత్ ఇచ్చిన క్షణంలోనే పోతుంది. దీని లోతైన లోపం మాత్రం వేరు. నిరోధం, ఇండక్టెన్స్ తక్కువ ఉన్న మోటారుకు హెచ్చు వోల్టేజీ ఇచ్చినప్పుడు, స్విచ్చు ఒకసారి వేస్తే ఉండవలసిన కనీస కాలంలోనే ప్రవాహం కావలసినదానికంటే ఎక్కువ ఎగబాకుతుంది, సున్నాకు సమీపంలోని చిన్న విలువలను అది పాటించలేదు. ఫలితంగా కొన్ని సూక్ష్మ అడుగులు పడకుండా పోయి, తరవాత ఒక్కసారిగా దూకినట్టు కదులుతుంది. ప్రింట్ అయిన వస్తువుల గోడల మీద సన్నని అలల్లా అది కనిపిస్తుంది. మోటారు తీగలకు డయోడ్లు చేర్చి అలలను తగ్గించే చిన్న పలకలు కొంతకాలం విడిగా అమ్ముడయ్యాయి. ఒక చవక బోర్డు లోపాన్ని ఇంకొక చవక బోర్డుతో సరిదిద్దడం ఈ రంగపు ఆర్థిక శాస్త్రానికి మంచి ఉదాహరణ.

అడుగును భాగాలు చేసే మైక్రోస్టెప్పింగ్ గురించి ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. రెండు కాయిళ్లలోనూ ప్రవాహాన్ని పూర్తిగా వేసి ఆపే బదులు సైన్ తరంగంలా మెల్లగా హెచ్చించి తగ్గిస్తే రోటారు రెండు అడుగుల మధ్య కూడా నిలుస్తుంది. 16 భాగాలతో చుట్టుకు 3,200 స్థానాలు వస్తాయి కాబట్టి ఖచ్చితత్వం పదహారు రెట్లవుతుందని అమ్మకపు వివరణలు సూచిస్తాయి. నిజానికి ఒక్క సూక్ష్మ అడుగుకు రోటారును ముందుకు నెట్టే బలం, మోటారు మొత్తం బలంలో 16 భాగాల దగ్గర 9.8 శాతం, 32 దగ్గర 4.9 శాతం, 256 దగ్గర 0.6 శాతం మాత్రమే. బేరింగు రాపిడి అంతకంటే ఎక్కువైతే రోటారు కదలదు, కొన్ని పల్సులు పోగుపడ్డాక గాని జరగదు. పైగా సాధారణ మోటారుల్లో అడుగు కోణంలోనే అయిదు శాతం దాకా తేడా ఉంటుంది. మైక్రోస్టెప్పింగ్ అసలు ఉపకారం వేరే ఉంది: పూర్తి అడుగులతో నడిచే రోటారు, సరైన లయలో తోసిన ఉయ్యాలలా కొన్ని వేగాల దగ్గర ఊగిపోయి అడుగు తప్పుతుంది, భాగాలు చేసిన కదలిక ఆ ఊపును అణుస్తుంది, చప్పుడును తగ్గిస్తుంది. దీనికి మూల్యం పల్సుల సంఖ్య. ఆర్డుయినో ఊనో మైక్రోకంట్రోలర్ బోర్డు మీద నడిచే గ్రబ్ల్ సాఫ్ట్‌వేర్ సెకనుకు సుమారు 30,000 పల్సులివ్వగలదు. 16 భాగాల్లో అది సెకనుకు తొమ్మిది చుట్లకు చాలుతుంది, 32 భాగాల్లో నాలుగున్నరకు పడిపోతుంది. కాబట్టి ఊనోతో కట్టే యంత్రానికి 32 అన్న సంఖ్య ఆకర్షణగా గాక భారంగా పరిణమించే అవకాశమే ఎక్కువ.

జర్మనీలోని హాంబర్గ్‌లో స్థాపితమైన ట్రైనామిక్ సంస్థ చిప్పులు మూడో వర్గంగా నిలబడడానికి కారణం, అవి ప్రవాహాన్ని కత్తిరించే తీరునే మార్చడం. 2020లో మ్యాక్సిమ్, 2021లో దానితోపాటు అనలాగ్ డివైసెస్ చేతికి వెళ్లిన ఈ సంస్థ చిప్పు, స్టెల్త్‌చాప్ అనే పద్ధతిలో ప్రవాహం పరిమితిని తాకేదాకా చూసి ఆపడానికి బదులు, కాయిలుకు ఇచ్చే సగటు వోల్టేజీనే క్రమబద్ధంగా మారుస్తుంది. చాపర్ డ్రైవర్ల ఈల శబ్దం దాదాపు మాయమవుతుంది. బయటి నుంచి 16 భాగాలకు సరిపడా పల్సులే వచ్చినా లోపల వాటిని 256గా విడగొట్టుకుంటుంది కాబట్టి ఊనో మీద భారం పెరగదు. ఈ సంస్థవారి టీఎంసీ2209 చిప్పులోని స్టాల్‌గార్డ్, మోటారు ఎదురు వోల్టేజీని గమనించి రోటారు దేనికో అడ్డు తగిలి ఆగిందని పసిగట్టి, హద్దు స్విచ్చులు లేకుండానే యంత్రాన్ని మొదటి స్థానానికి చేర్చగలదు. పరిమితులు కూడా అంతే స్పష్టం. దీని వోల్టేజీ హద్దు 29 మాత్రమే, 36 వోల్టుల సరఫరాను ఏ4988 కూడా ఓర్వదు గాని దీనికి 30 కూడా ఎక్కువే. హెచ్చు వేగంలో స్టెల్త్‌చాప్ బలం కోల్పోతుంది కనుక అక్కడ స్ప్రెడ్‌సైకిల్ అనే మరొక కత్తిరింపు పద్ధతికి మార్చాలి. జంపర్లేవీ పెట్టకపోతే ఏ4988 పూర్తి అడుగులు వేస్తుంది, ఇదైతే 8 భాగాలు చేస్తుంది; పలక మార్చి సాఫ్ట్‌వేర్ మార్చనివారి యంత్రం ఎనిమిదో వంతు దూరమే కదులుతుంది. ఆంపియర్ల పోలిక ఎంత నిరర్థకమో కూడా ఇక్కడే తేలుతుంది: టీఎంసీ2209కు చెప్పే 2 ఆంపియర్లు వర్గమధ్యమూల (ఆర్ఎంఎస్) విలువ, ఏ4988కు చెప్పే 2 ఆంపియర్లు శిఖర విలువ. అంకె ఒకటే, అర్థాలు వేరు.

నీమా 23 వంటి పెద్ద మోటారులకు పలకలు చాలవు. అక్కడ టీబీ6600 పేరుతో నల్లని పెట్టెలు అమ్ముడవుతాయి. తోషిబా వారి టీబీ6600హెచ్‌జీ చిప్పు అడుగును 16 భాగాల వరకే చేస్తుంది. కానీ పెట్టె మీది పట్టికలో 32 భాగాలు కూడా కనిపిస్తే లోపల ఉన్నది ఆ చిప్పు కాదని, చాలావరకు అదే సంస్థవారి టీబీ67ఎస్109 అని ఊహించవచ్చు. అది చెడ్డ చిప్పు కాదు గాని దాని ప్రవాహ హద్దు తక్కువ. ఈ పెట్టెల్లో డిప్ స్విచ్చులతో ప్రవాహాన్ని నిర్ణయించడం, సంకేతాలను ఆప్టోకప్లర్ల ద్వారా కాంతి రూపంలో దాటించి మైక్రోకంట్రోలర్‌ను కాపాడడం నిజమైన సౌకర్యాలే.

బోర్డు ఏదైనా, అది కాలిపోయే కారణాల్లో సగం బోర్డు బయట ఉంటాయి. పొడవాటి సరఫరా తీగలకు కూడా ఇండక్టెన్స్ ఉంటుంది. పలక మీది చిన్న సెరామిక్ కెపాసిటర్లతో అది కలిసినప్పుడు, స్విచ్చు వేసిన క్షణంలో వోల్టేజీ సరఫరాకు రెట్టింపు మించి ఎగసిపడగలదు. 12 వోల్టుల సరఫరాతోనే 35 వోల్టుల చిప్పు పోవడానికి ఇదే కారణం కావచ్చు. పలకకు ఆనుకుని 100 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ పెట్టడం దీనికి విరుగుడు. రెండు మూడు రూపాయల ఈ భాగాన్ని పలకతోపాటు సాధారణంగా అమ్మకపోవడం వింతే. విద్యుత్ ఉండగా మోటారు తీగను పీకడం కూడా అంతే ప్రమాదకరం, కాయిలులోని ప్రవాహం ఎటూ పోలేక స్విచ్చుల మీద విరుచుకుపడుతుంది.

ఈ బోర్డులన్నీ పంచుకునే ఒక హద్దు ఉంది. పల్స్ పంపితే అడుగు పడిందని అవి నమ్ముతాయి, పడిందో లేదో చూడవు. స్టాల్‌గార్డ్ కూడా పూర్తిగా ఆగిపోవడాన్ని గుర్తిస్తుంది గాని ఒక్క అడుగు తప్పడాన్ని నమ్మకంగా చెప్పలేదు. మోటారు వెనక అయస్కాంతం, దాని కోణాన్ని చదివే సెన్సర్ పెట్టి తప్పిన అడుగులను సరిదిద్దే పలకలు కొంతకాలంగా వస్తున్నాయి, వాటి ధర మామూలు పలకకు అనేక రెట్లు. మోటారుకు తగిన ప్రవాహం, తగిన వోల్టేజీ అమర్చి, వేగాన్ని ఒక్కసారిగా గాక క్రమంగా పెంచే సాఫ్ట్‌వేర్ వాడినచోట ప్లాటరుకూ చిన్న ప్రింటరుకూ ఆ ఖర్చు అనవసరం. లోహాన్ని కోసే యంత్రంలో, పనిముట్టు ఎప్పుడు ఇరుక్కుంటుందో ముందుగా తెలియనిచోట, ఆ ఖర్చును తప్పించుకోవడం కష్టం.